తెల్ల తువ్వాలు ఉద్యోగం

తొమ్మిదేళ్లు నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా వీధిలో ఒక్కరికీ తెలియదు. మూన్ పార్లమెంట్ అనే పేరున్న రాక్ బ్యాండ్‌తో తిరుగుతానని మాత్రం తెలుసు. "అయితే ఏం వాయిస్తావు ఆల్ఫ్?" అని అడిగేవాళ్లు. "వ్యాను తోలుతాను, పెట్టెలు మోస్తాను" అనేవాణ్ని. అబద్ధం కాదు. ఆర్గన్లు, స్పీకర్లు, పొగ వదిలే యంత్రం, స్టేజి మీద మా గాయకుడు పెరీ తగిలించుకునే నెమలి రెక్కలు, అన్నీ నేనే మోశాను. కావాలంటే నా నడుముని అడగండి. కానీ నా అసలు పని అది కాదు. నా అసలు పని తువ్వాలు ఊపడం.

నవ్వేవాళ్లు నవ్వండి, తరవాత వినండి. మా బ్యాండ్ పాటలు అందరి పాటల్లాంటివి కావు. ఒక్కో పాట రికార్డులో ఒక పక్కంతా నిండిపోయేది. మొదట పెరీ ఒక చరణం పాడతాడు. ఆ తరవాత కాన్రాడ్ తన ఏడు కీబోర్డుల మధ్య చేరి ఎనిమిది నిమిషాలో, తొమ్మిది నిమిషాలో వాయించి పారేస్తాడు. అందులో తాళం ఒక్కచోట నిలవదు. కాసేపు ఐదు, కాసేపు ఏడు, సరదా పుడితే పదకొండు. అంత గందరగోళంలో గాయకుడు మళ్లీ ఎక్కడ అందుకోవాలి? కాన్రాడ్‌కి తెలుసు. డ్రమ్స్ వాడికి తెలుసు. తెలియనిదల్లా పాడే పెరీకే.

అవును, పెరిగ్రిన్ హాల్డేన్‌కే. పత్రికలవాళ్లు "నడిచే గడియారం" అని రాసిన మనిషికే నాలుగు దాటితే లెక్క రాదు. దేవుడు ఆ గొంతు చేసి, అలసిపోయి, లెక్కలు పెట్టే వేళకి టీ తాగడానికి వెళ్లినట్టున్నాడు. అందుకని స్టేజికి ఎడమ పక్క తెర చాటున నేను తెల్ల తువ్వాలు పట్టుకుని నిలబడేవాణ్ని. వేళ కాగానే ఒక్క ఊపు ఊపేవాణ్ని, వాడు అందుకునేవాడు. అంతసేపూ వాడు రెక్కలు చాచి కళ్లు మూసుకుని ఉంటే ముందు వరసలో ఆడపిల్లలు ధ్యానమనుకుని మైమరచిపోయేవాళ్లు. ధ్యానమా, గాడిద గుడ్డా! ఎడమ కన్ను సందులోంచి నన్నే చూస్తుండేవాడు. ఈ సంగతి బ్యాండ్‌లో కూడా ఎవరికీ తెలియదు.

మరి సంగీతం ముక్క రాని నాకు లెక్కెలా వచ్చిందంటారా? మా ఎడ్నా పుణ్యం. ఆవిడ సాయంత్రం కుర్చీలో కూర్చుని స్వెట్టర్ అల్లుతూ "రెండు, రెండు, మూడు... రెండు, రెండు, మూడు" అని గొణుక్కుంటూ ఉంటుంది. ఇరవయ్యేళ్లు అది వింటూ పేపరు చదివాను. కాన్రాడ్ మొదటిసారి ఏడు తాళం వాయించి, మావంటి పామరులకి ఇది అర్థం కాదన్నట్టు చూసినప్పుడు, 'ఓస్, మా ఆవిడ స్వెట్టరే కదా!' అనుకున్నాను.

పందొమ్మిది వందల డెబ్బై ఐదు వసంతంలో పెరీ బ్యాండ్ వదిలేశాడు. కాన్రాడ్ సూర్యుడి పుట్టుక మీద నలభై ఒక్క నిమిషాల పాట కట్టాడు. అందులో పెరీ వంతు నాలుగంటే నాలుగు పంక్తులు.

"సూర్యుడు పుట్టేనాటికి పాడటానికి మనుషులెక్కడున్నారు పెరిగ్రిన్?" అన్నాడు కాన్రాడ్, చాలా మర్యాదగా.

"అయితే వాయించడానికి ఎవరున్నార్రా?" అన్నాడు పెరీ. నెమలి రెక్కలు ఊడబీకి ఆర్గన్ మీద విసిరికొట్టి బయటికి నడిచాడు.

నేనూ చేతిలో పెట్టె అక్కడే దించి వాడి వెనకే వెళ్లిపోయాను. ఎంత విశ్వాసమో అని అందరూ మెచ్చుకున్నారు. విశ్వాసం లేకపోలేదు కానీ, ఇంకో సంగతి కూడా ఉంది. కాన్రాడ్ తెచ్చే కొత్త గాయకుడికి లెక్క వచ్చి తీరుతుంది. అప్పుడు అక్కడ నాకు పనేముంది?

పెరీ సొంత ఆల్బమ్ మొదలుపెట్టాడు. మొదలుపెట్టిన వారానికే ఒక పత్రికలో ఎవడో ఉత్తరం రాశాడు, మూన్ పార్లమెంట్‌కి బుర్ర కాన్రాడ్‌ది, పెరీది ఒట్టి గొంతు అని. ఆ ముక్క కత్తిరించి పెరీ పర్సులో పెట్టుకున్నాడు. టీ తాగేటప్పుడు తీసి చదువుకునేవాడు, మొహం కందగడ్డ చేసుకుని మళ్లీ దాచుకునేవాడు. పారెయ్యమంటే వినడు.

ఆల్బమ్‌లో మొదటి పక్క స్టూడియోలో అయిపోయింది. రెండో పక్కకి ఒకే పాట, ఇరవై రెండు నిమిషాలది. ఒంటరి లైట్‌హౌస్ కాపలాదారు ఒకడు, వాడికి ముసలితనంలో పెళ్లి. పెళ్లి పీటల దాకా రావాలంటే వాడు ముందు మెట్లన్నీ ఎక్కి దీపం వెలిగించి దిగిరావాలట. ఆ ఎక్కడం దిగడం అంతా ఏడు నిమిషాల వాయింపు. దాన్ని జనం ముందు పాడుతుండగా రికార్డు చేస్తామన్నాడు కంపెనీ మనిషి లాస్కీ. సర్రేలో ఒక టౌన్ హాలు, సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, ఎందుకంటే సాయంత్రం ఆ హాల్లో ముసలమ్మల బింగో ఆట ఉంది.

"కుదిరితే ఆల్బమ్ బయటికొస్తుంది. కుదరకపోతే టేపు నా బీరువాలో ఉంటుంది. రెండోసారి అడక్కు పెరీ" అన్నాడు లాస్కీ. కుదరకపోవడమంటే ఏమిటో మా అందరికీ తెలుసు. ఆ ఉత్తరం రాసినవాడి మాట నిజమైపోతుంది.

ఆ ముందు గురువారం పెరీ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఎడ్నా చేసే మాంసం పుడ్డింగ్ అంటే వాడికి ప్రాణం. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆవిడ అడిగింది.

"ఏం నాయనా, ఇది నీ సొంత పాటే కదా? మధ్యలో మళ్లీ ఆ ఏడు నిమిషాల మోత ఎందుకు? పాడనివ్వడం లేదనేగా ఆ కాన్రాడ్‌తో పోట్లాడి వచ్చావు?"

"అది లేకపోతే చిన్నపిల్లల పాటంటారు ఎడ్నా. కాన్రాడ్ పక్కన లేకపోతే వీడికి ఏడు తాళం చేతకాదంటారు."

"మరి చేతనవునా?"

పెరీ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. నా వైపు తిరిగాడు. "ఆల్ఫ్, తమాషాకి కాదు, నిజంగా అడుగుతున్నా. ఆ ఏడు నాకు నేర్పిస్తావా? ఈ ఒక్క పాటయినా నా అంతట నేను అందుకోవాలి."

నేను నీళ్లు నమిలాను. "ఇప్పుడెందుకు లేనిపోని తలనొప్పి? నేనున్నాను కదా! అయినా అది అందరికీ వచ్చేది కాదులే బాబూ."

ఆ చివరి మాట అనకుండా నా నాలుక పడిపోయినా బాగుండేది. వాడి మొహం వాడిపోయింది. "నిజమే. స్కూల్లో లెక్కల మాస్టారు కూడా అదే అనేవాడు" అని, మాట మార్చడానికి ఇంకాస్త గ్రేవీ అడిగాడు.

వాడు వెళ్లాక ఎడ్నా గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరక్కుండానే అంది. "నా అల్లిక వింటూ నువ్వు పేపరు చదువుతూ నేర్చుకున్న చదువు అది. వాడికి నేర్పడానికి ఒక్క పూట చాలదూ?"

"చాలు."

"మరేమొచ్చింది నీకు?"

"నేర్పితే నన్నెందుకు ఉంచుకుంటాడే?"

"పెట్టెలు మోయడానికి."

"పెట్టెలు ఎవడైనా మోస్తాడు."

ఆవిడ చివరి గిన్నె బోర్లించింది. చేతిలో గుడ్డని పిండిన తీరు చూస్తే అది నా మెడ అనుకుని పిండిందని తెలిసింది. నాకు సిగ్గేసింది. అయినా మర్నాడు ఫోన్ చేసి రమ్మనలేదు. శుక్రవారం పోయింది, శనివారం పోయింది.

ఆదివారం హాలు నిండింది. తెర సందులోంచి చూస్తే ముందు వరసలో, సరిగ్గా మా ఎడమ చివర, కాన్రాడ్ కూర్చుని ఉన్నాడు! పాత మిత్రుడు ఎలా పడతాడో చూడ్డానికి వచ్చాడా, నిజంగా వినడానికే వచ్చాడా, ఆ మొహం చూసి ఎవరూ చెప్పలేరు. పాపం జలుబు చేసి ముక్కు బీట్‌రూట్ దుంపలా ఎర్రగా ఉంది. లాస్కీ హాలు వెనక రికార్డింగ్ బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా పక్కన స్టూలు వేసుకుని ఎడ్నా కూర్చుంది, ఒళ్లో అల్లిక. వద్దన్నా వినలేదు.

పెరీ రెక్కలూ గిక్కలూ లేకుండా మామూలు చొక్కాతో స్టేజి మీదికి వచ్చాడు. ఎంత బక్కగా ఉన్నాడో అప్పుడే చూశాను. మొదటి చరణం పాడాడు. ఆహా, ఏం గొంతండీ అది! కాపలాదారు పెళ్లికూతురికి ఉత్తరం రాయడం వింటుంటే బింగో కోసం ముందే వచ్చి కూర్చున్న ముసలమ్మలు కూడా సంచులు సర్దడం మానేశారు. తరవాత వాయింపు మొదలైంది. డ్రమ్స్ మీద డిక్కీ, గిటారు మీద జూన్, ఆర్గన్ మీద ఇంకో కుర్రాడు, ముగ్గురూ ఏడు తాళంలో మెట్లెక్కడం మొదలుపెట్టారు. నేను తువ్వాలు భుజాన వేసుకుని లోపల్లోపల లెక్కపెడుతున్నాను. ఏడు నిమిషాలు ఆగాలి. పెరీ కళ్లు మూసుకున్నాడు. అంటే, ఒకటి మూసుకున్నాడు.

రెండో నిమిషంలో కాన్రాడ్ తుమ్మాడు.

తుమ్మితే తుమ్మాడు, జేబులోంచి రుమాలు తీశాడు. రుమాలా అది? దిండు గలీబంత ఉంది, మల్లెపూవంత తెల్లగా ఉంది. దాన్ని గాల్లో టపామని విదిలించి మరీ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. పెరీ కంటి సందులో ఎడమ వైపు తెల్లగా ఏదో ఊగింది. అంతే, అందుకున్నాడు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఐదు నిమిషాల ముందే! కాపలాదారు ఇంకా సగం మెట్ల మీద ఉండగానే పెళ్లి చరణం ఎత్తుకున్నాడు. డిక్కీ పుల్ల జారబోయి ఆగింది. జూన్ నోరెళ్లబెట్టింది. కానీ గట్టి పిల్లలు, వాయింపు ఆపలేదు. పెరీ ఆ చరణంలో నాలుగు పంక్తులూ పాడేశాడు. పాడేశాక చూసుకుంటే సంగీతం దాని మానాన అది పోతూనే ఉంది. అప్పుడు రెండు కళ్లూ తెరిచి నా వైపు చూశాడు. తప్పు స్టేషన్లో దిగి, కదిలిపోతున్న రైలుని చూసేవాడి మొహం అది.

నేనేం చెయ్యను? తొమ్మిదేళ్లలో మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్కటే సైగ. 'ఆగు' అనడానికి లేదు, 'ఇంకా ఉంది' అనడానికి లేదు. వెనక లాస్కీ తల అడ్డంగా ఊపడం కనిపిస్తోంది. ఇక టేపు బీరువాలోకే, పెరీ పేరు మట్టిలోకే, అదంతా నావల్లే.

నడుంలో సూది దిగింది. మాట వరసకి అనడం లేదు, నిజం సూదే, ఎడ్నా అల్లిక సూది. "చెప్పవయ్యా! వేళ్లు లేవూ నీకు?" అని బుస కొట్టింది.

తువ్వాలు కింద పడేశాను. తెర దాటి సగం స్టేజి మీదికి వచ్చేశాను. రెండు చేతులూ ఎత్తి వేళ్లు చూపించాను. రెండు, రెండు, మూడు. నోరు పెద్దగా తెరిచి, శబ్దం లేకుండా, "ఒకటి రెండు, ఒకటి రెండు, ఒకటి రెండు మూడు." ముందు రెండు వరసలకీ నేను కనిపిస్తున్నాను. కాన్రాడ్‌కీ కనిపిస్తున్నాను. కనిపిస్తే కనిపించనీ, తొమ్మిదేళ్ల గుట్టు ఇవాళ్టితో సరి!

పెరీ కళ్లార్పకుండా చూశాడు. పెదవులు కదిపాడు. తప్పాడు. మళ్లీ కదిపాడు. మడమ నేలకి కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగైదుసార్లు తిరిగేసరికి మడమా, పెదవులూ, డిక్కీ డ్రమ్మూ ఒకటయ్యాయి. వాడి మొహం ఒక్కసారి వెలిగింది. 'ఇంతేనా!' అన్నట్టు నోరు తెరిచాడు. ఆ నోటి ముందు మైకు ఉందన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం.

"ఒకటి రెండు... ఒకటి రెండు... ఒకటి రెండు మూడు..."

హాలంతా వినపడింది. మొదట గుసగుసగా, తరవాత కొంచెం పైకి. ఆ గొంతుకి దేన్నయినా రాగం లేకుండా పలకడం చేతకాదు, అంకెలకీ రాగం వచ్చేసింది. ఒకటిని ఎత్తుకుని, రెండు మీద వాలి, మూడు దగ్గర ఇంత దీర్ఘం తీసి మళ్లీ ఒకటికి దిగాడు. జూన్ పకపకా నవ్వి గిటారుతో వాడికి జవాబిచ్చింది. జనం ముందు కంగారుపడ్డారు, తరవాత ఒకావిడ పక్కావిడతో "మెట్లు లెక్కపెట్టుకుంటున్నాడే, పాపం ముసలాయన!" అంది. అది ఆ వరసంతా పాకింది. కాపలాదారు మెట్లెక్కుతున్నాడు, ఆయాసపడుతున్నాడు, మురిసిపోతున్నాడు, పైన దీపం వెలిగిస్తున్నాడు. ఐదు నిమిషాలూ ఒట్టి అంకెలే పాడి వాణ్ని ఎక్కించి దించాడు మా పెరీ.

నేను ఇంకా వేళ్లు చూపిస్తూనే ఉన్నాను. కాసేపటికి గమనించాను, వాడు నన్ను చూడటం లేదు. కళ్లు రెండూ మూసుకున్నాడు. ఈసారి సందు లేదు. సరిగ్గా ఏడో నిమిషం చివర, వెంట్రుకవాసి తేడా లేకుండా, పెళ్లి చరణం మళ్లీ తనంతట తనే అందుకున్నాడు. నా కడుపు నిండిపోయింది. ఆ మరుక్షణమే ఇంకోటి తట్టింది. నా ఉద్యోగం అక్కడితో అయిపోయింది.

చప్పట్లు ఆగాక కాన్రాడ్ లోపలికి వచ్చాడు. రుమాలు ఇంకా చేతిలోనే ఉంది. "పెరిగ్రిన్, పదిహేనేళ్లుగా లెక్కపెడుతున్నాను. దాన్ని పాడొచ్చని నాకెప్పుడూ తట్టలేదు" అన్నాడు. నా వైపు ఒక చూపు చూశాడు. అంతా అర్థమైపోయిందని ఆ చూపే చెప్పింది, కానీ నోరు విప్పలేదు. పెద్దమనిషి. అప్పటిదాకా వాడి గురించి అన్నవన్నీ వెనక్కి తీసుకున్నాను. లాస్కీ పరుగున వచ్చి, "ఒక్క ముక్క కత్తిరించం, ఉన్నదున్నట్టు వేస్తాం" అని పెరీని కావలించుకున్నాడు.

వ్యానులో పెట్టెలు ఎక్కిస్తుంటే పెరీ ఒక్కడే బయటికి వచ్చాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఒక్క నిమిషం పట్టింది ఆల్ఫ్."

"ఏంటి?"

"నేర్చుకోవడానికి. ఒక్క నిమిషం. తొమ్మిదేళ్లు నాకే బుర్ర లేదనుకున్నాను. పడుకునే ముందు రోజూ అనుకున్నాను. నీకు తెలుసు కదా నేర్పడం?"

"తెలుసు."

"మరి అందరికీ వచ్చేది కాదన్నావేం?"

అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. "నీకు వచ్చేస్తే నాతో పనుండదని."

వాడు వ్యాను తలుపు మూశాడు. "అడగాల్సింది" అన్నాడు. "నాతో పనుంటుందా పెరీ అని ఒక్కసారి అడగాల్సింది." అని, వెళ్లి లాస్కీ కారులో కూర్చుని తనతో వెళ్లిపోయాడు. ఇంటికి వెళ్లేదాకా ఎడ్నా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండును.

ఆ తరవాత ఫోన్ మోగలేదు. నేనూ చెయ్యలేదు, ఏ మొహం పెట్టుకుని చెయ్యను? బావమరిది చేపల కొట్లో పెట్టెలు మోశాను. అక్కడ ఐసు పెట్టెలు ఎవడైనా మోస్తాడు, తాళం గీళం ఏమీ లేదు. ఆల్బమ్ రాకముందే రేడియోలో మూడుసార్లు ఆ అంకెల పాట ముక్క వినిపించింది. మూడుసార్లూ కట్టేశాను.

డిసెంబరులో ఆల్బమ్ వచ్చింది. క్రిస్మస్ సామాన్లకని తీసుకెళ్లి ఎడ్నా నన్ను రికార్డుల షాపులోకి లాక్కుపోయింది. అట్ట మీద లైట్‌హౌస్ బొమ్మ, కింద పెరీ పేరు. ఆవిడ వెనక్కి తిప్పి కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. గొంతు ఫలానా, గిటారు ఫలానా, డ్రమ్స్ ఫలానా. ఆగింది. మళ్లీ చదివింది, ఈసారి నెమ్మదిగా.

"పెరిగ్రిన్ హాల్డేన్‌కి లెక్కపెట్టడం నేర్పినవాడు: ఆల్ఫ్రెడ్ డ్రూయిట్, తొమ్మిదేళ్లు ఆలస్యంగా."

నడిచే గడియారానికి లెక్క రాదని దేశమంతా చదువుతుంది. ఎవరూ అడక్కుండా వాడే అచ్చు వేయించాడు, నా పేరుతో కలిపి. అంతమంది జనం మధ్య నిలబడి నేను ఏడ్చేశాను.

"ఊరుకోవయ్యా, నిన్ను తిట్టాడు అందులో" అంది ఎడ్నా, తనూ ముక్కు చీదుతూ.

"పూర్తి పేరు పెట్టి తిట్టాడే" అన్నాను.

షాపు బయట ఫోన్ బూత్ ఉంది, అందులో దూరి నంబరు తిప్పాను. పెరీ ఎత్తాడు. "తప్పు చేశాను పెరీ. నాతో పనుంటుందా?" అన్నాను. తొమ్మిదేళ్ల కిందట అడగాల్సిన మాట.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. తరవాత, "పదమూడు ఎలా లెక్కపెడతారు ఆల్ఫ్?" అన్నాడు. "కొత్త పాట ఒకటి ఎటూ తెగడం లేదు. సోమవారం వస్తావా?"

"ఇప్పుడే బయల్దేరుతున్నా" అన్నాను.